మా ఆడబిడ్డ వేసిన కంటి చుక్కలు

మా ఆడబిడ్డ ఎవరితోనూ వాదించేది కాదు. తనకు నచ్చని వస్తువు మన చేతిలో కనబడితే, అరచేయి చాచి నిలబడేది. ఇచ్చేదాకా ఆ చేయి దించేది కాదు.

ఒకసారి బెల్లం వండే రోజుల్లో, పొయ్యి పొగకు నా కళ్లు ఎర్రబడి, ఇసుక పడ్డట్టు గరగరలాడాయి. మా ఆయన కంటి ఆపరేషన్ అప్పుడు మిగిలిన చుక్కల మందు దాచి ఉంచితే, అది తీశాను. ఏదీ పారేయడానికి నాకు మనసొప్పదు. ఆమె చేయి చాచింది.

“ఇంకా సగం సీసా ఉండాది అమ్మీ,” అన్నాను.

“మా నాయన ఇట్ల మిగిలిన మందు ఏసుకోనే కన్ను పోగొట్టుకున్నాడు వదినా. ఇట్ల తే.”

ఇచ్చేశాను. నన్ను చిత్తూరులో మందుల అంగడికి పిలుచుకుపోయింది. అంగడి ఆయన ఎరుపు గబుక్కున పోయే మందు తీశాడు.

“తెల్లగా కనబడేదానికి ఈమెకేమన్నా పెండ్లిసూపులా అప్పా? పొగకి కన్ను ఎండిపోయుండాది. తడి నిలిచే మందియ్యి. తగ్గకపోతే డాక్టరు కాడికి పోతాం.”

అంగడి మెట్టు మీదే కూర్చోబెట్టి నా గడ్డం పైకెత్తింది. ఇంట్లో నాకు ఎదురు చెప్పేవాళ్లు లేరు. కోడళ్లు నన్ను ముట్టుకోవడానికే జంకుతారు.

“కదలొద్దు,” అని గద్దించింది.

నేను కదల్లేదు. చల్లగా ఒక చుక్క పడింది. రెండో కన్ను నేనే తెరిచి పట్టుకున్నాను.