చంద్రుడి చాటున ముప్పావుగంట

సముద్రతీరపు దీపస్తంభాల కాపలాదారులూ, రైళ్ల రాకపోకలు చెప్పేవాళ్లూ ఒక జాతి. కంటికి కనిపించనివాటి క్షేమసమాచారం వాళ్ల దగ్గరే ఉంటుంది. సైన్సు మ్యూజియంలో గైడుగా చేసే ఆవిడదీ ఆ జాతే. తోటివాళ్లు పెట్టిన పేరు అంకెల అత్తయ్య. చంద్రుడి చుట్టూ తిరిగే వ్యోమనౌక పంపే అంకెలు గోడమీది తెరపై కదులుతుంటే, కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి, బ్యాటరీ వేడిని పసిబిడ్డ జ్వరం చూసి చెప్పినట్టు చెబుతుంది: "ఇరవై రెండు. బంగారుతల్లి, హాయిగా ఉంది." ఆ తర్వాత అంకెలన్నీ చూడవచ్చినవాళ్లచేతే చదివిస్తుంది.

ఆ తెర పీకించి బొమ్మల సినిమా పెట్టించాలని డైరెక్టరు పట్టుదల. ఆయన వచ్చిన రెండుసార్లూ అంకెల్లో చలనం లేదు. మూడోసారి ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకొచ్చాడు. అప్పుడూ అంతే. "పాడైందంటే వినవు కదా!" "పాడవలేదు సార్, చంద్రుడి వెనక్కి వెళ్లింది. రెండుగంటలకోసారి వెళ్తుంది, ముప్పావుగంట దాని కబురు అందదు. మీరేమో సరిగ్గా అప్పుడే వస్తారు. ఇంకో నాలుగు నిమిషాలు ఆగండి." "రాకపోతే?" "నేనే దగ్గరుండి విప్పిస్తా."

ఎలక్ట్రీషియన్ నిచ్చెనమీదే ఆగాడు. జనం గడియారాలు చూసుకున్నారు. అత్తయ్య వేళ్లు మడుస్తూ నిలబడింది. నాలుగో వేలు మడవకముందే అంకెలన్నీ ఒక్కసారిగా జలజలా కదిలాయి. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. "బ్యాటరీ ఇరవై ఒకటి!" అని అందరికంటే ముందు అరిచింది డైరెక్టరే. ఎలక్ట్రీషియన్‌ను దిగమని సైగ చేసి, గొంతు తగ్గించి అడిగాడు: "మళ్లీ ఎప్పుడు వెళ్తుంది?"

"ఇంకో గంటుంపావుకి సార్. కుర్చీ వేయించమంటారా?"