‘ఉంటుందండి’ అన్నవాడు

అనుదీప్ మాట్లాడే ముందు ప్రతిసారీ గొంతు సవరించుకుంటాడు. జలుబు చేసి కాదు. లోపల పుట్టిన మాటకు బట్టలు మార్చి బయటికి పంపడానికి అతనికి ఆ కాస్త సమయం కావాలి. ‘ఏడికి పోయినవ్’ అని పుట్టింది ‘ఎక్కడికి వెళ్ళారండి’ అయి బయటికొస్తుంది. మధురానగర్‌లో మేమిద్దరం ఒకే హాస్టల్ గదిలో ఉంటున్నాం. నేను నల్గొండవాణ్ణి, నా మాటకు ఏ తొడుగూ లేదు. నాతో కూడా అతను అలాగే మాట్లాడతాడు.

అతని ఇల్లు ఈ గదికి ఎంతో దూరం లేదు. బోరబండ, సైట్ త్రీ. షేర్ ఆటో ఎక్కితే చాలు. అయినా ఇక్కడ అద్దె కట్టుకుని ఉంటాడు. ఆఫీసులో ఎవరైనా ‘మీదెక్కడ’ అని అడిగితే మధురానగర్ అని చెప్పుకోవచ్చు, అందుకు. తండ్రి రాజనర్సయ్య తాపీమేస్త్రీ. పంజాగుట్ట, ఎర్రమంజిల్ వైపు ఆయన కట్టిన గోడలు చాలా ఉన్నాయి. అలాంటి గోడల మధ్య ఏసీలో తన కొడుకు పనిచేస్తున్నాడని గల్లీలో కనపడినవాళ్ళందరికీ చెప్తాడు. ఆ కొడుకు మాత్రం తండ్రి ఏం చేస్తాడని అడిగితే ‘కన్‌స్ట్రక్షన్ లైన్’ అంటాడు.

డిగ్రీలో కెమిస్ట్రీ చదివాక అందరిలాగే అమీర్‌పేటలో ఒక కోర్సులో చేరాడు. అమీర్‌పేటలో గోడలు కనపడవు, బోర్డులే కనపడతాయి. ఏ బోర్డు కింద మెట్లెక్కినా పైన ఒక మనిషి కూర్చుని, నువ్వు ఇప్పుడున్నట్టు ఉంటే ఎందుకూ పనికిరావని చెప్పి, ఆ తర్వాత ఫీజు చెప్తాడు. అనుదీప్‌కు ఇంటర్వ్యూ పాఠం చెప్పిన సారు క్లాసులో అందరి ముందు, “నీ తెలుగే ఇలా ఉంటే నీ ఇంగ్లీషు ఎవడు నమ్ముతాడోయ్?” అన్నాడట. క్లాసంతా నవ్వింది. అతనూ నవ్వాడట. గొంతు సవరించుకోవడం ఆ రోజు నుంచే మొదలైంది.

పంజాగుట్టలో, కెమిస్ట్రీ లాబ్‌లకు కొత్త మిషన్లు అమ్మే కంపెనీలో ఉద్యోగం దొరికింది. పెట్టెలు విప్పి, మిషన్ బిగించి, నడిపి చూపించి రావడం పని. ఆ పనంటే అతనికి ప్రాణం. కొత్త మిషన్ మీది ప్లాస్టిక్ కవరు తీసిన రోజు గదికొచ్చి, పెళ్ళిచూపులకు వెళ్ళొచ్చినవాడిలా మాట్లాడేవాడు. అతనికి అన్నిటికన్నా ఇష్టమైన మిషన్ ఒకటుంది. నాకు సులువుగా చెప్పాడు: అందులోకి సూదితో ఒక చుక్క ఎక్కిస్తే, చుక్కలో కలిసి ఉన్న పదార్థాలను ఒక్కొక్కటిగా విడదీసి, ఒక్కొక్కదాని పేరూ చెప్తుంది. స్క్రీన్ మీద ఒక గీత సాగుతూ ఉంటుంది. ఏదైనా తగలగానే గీత సూదిమొనలా పైకి లేస్తుంది. దాన్ని పీక్ అంటారు. లేచిన ప్రతి పీక్ ఒక పదార్థం. కంటికి కనపడనంత ఉన్నా దానికి తెలిసిపోతుంది.

జోగారావు గారి లాబ్‌కు అలాంటి మిషన్ వచ్చింది. జోగారావు గారిది భీమవరం వైపు. మందుల కంపెనీల శాంపిళ్ళు పరీక్ష చేసే లాబ్ పంజాగుట్టలో నడుపుతున్నారు. ముంబైలోని ఒక పెద్ద కంపెనీ తన శాంపిళ్ళన్నీ ఇక్కడికే పంపుతానంది, ఈ మిషన్ సరిగ్గా నడుస్తుందని వాళ్ళ మనిషి వచ్చి చూసి ఒప్పుకుంటే.

అనుదీప్ మిషన్ బిగించడానికి వెళ్ళిన రోజు అతనికి సాయంగా లాబ్‌లోని ఒక ట్రైనీ అమ్మాయిని ఇచ్చారు. పేరు వనిత. అతన్ని చూస్తూనే ఆమె మొహం విప్పారింది.

“అన్నా, నువ్వు రాజనర్సయ్య పెద్దనాయిన కొడుకువు గదా? నేను స్వరాజ్యం బిడ్డను. మీ గల్లీల్నే మా ఇల్లు.”

అనుదీప్ గొంతు సవరించుకున్నాడు. “ఎవరనుకున్నారో అండి. మాది మధురానగర్.”

“అట్లనా సార్. పొరపాటైంది” అంది వనిత.

ఆ తర్వాత నలుగురిలో సార్ అనేది. ఎవరూ లేనప్పుడు మాత్రం, “మధురానగర్ అన్నా, చాయ్ తాగుతవా?” అనేది. ఆటపట్టించడమే తప్ప అందులో కోపం లేదు. అతనికి మాత్రం ఆ పిలుపు వినపడినప్పుడల్లా చెమట పట్టేదట.

పని మొదలుపెట్టేటప్పుడు ఆమెకు నియమాలు చెప్పాడు. “ఈ గదిలోకి పూలు, సెంటు, తలనొప్పి బామ్ లాంటివి తేకూడదండి. గాలిలో ఏముంటే అది పట్టేసుకుంటుంది.” వనిత తలలోని మల్లెలు తీసి బయట కిటికీలో పెట్టింది. ఆమెకు తలనొప్పి జబ్బు ఉంది, సంచిలో ఎప్పుడూ బామ్ డబ్బా ఉండేది. ఆ సంచిని కూడా బయట మేకుకు తగిలించింది. అప్పట్నుంచి రోజూ అలాగే చేసింది.

మిషన్ సిద్ధమైంది. ముంబై మనిషి మర్నాడు వస్తాడనగా, జోగారావు గారి భార్య సీతామహాలక్ష్మి గారు ఇత్తడి పళ్ళెంతో లాబ్‌కు వచ్చారు. కొత్త వస్తువుకు పూజ చేయకుండా ఎలా మొదలుపెడతారు? కొబ్బరికాయ బయటే కొట్టారు. మిషన్‌కు కుంకుమబొట్టు పెట్టారు. అనుదీప్ అప్పుడే సూది గుచ్చే చోట మూత తీసి లోపలి గాజుగొట్టం మారుస్తున్నాడు. పక్కన శాంపిల్‌ను కరిగించే సాల్వెంట్ సీసా తెరిచి ఉంది.

“కొంచెం జరుగుతారా బాబూ” అని ఆవిడ పళ్ళెంలో కర్పూరం బిళ్ళలు పెట్టారు.

వెనక నుంచి వనిత మెల్లగా అడిగింది. “అన్నా, పూలే వద్దంటివి. మరి కర్పూరమో?”

“ఊకో” అన్నాడు అనుదీప్.

గొంతు సవరించుకోకుండా ఆ లాబ్‌లో అతను అన్న మాట అదొక్కటే. ఆవిడకు వద్దని ఎందుకు చెప్పలేదని తర్వాత నేను అడిగితే, “పూజ తెలీని ఇంట్లోంచి వచ్చాడనుకుంటారు కదండీ” అన్నాడు. ఆవిడ హారతి తిప్పుతుంటే పొగ మిషన్ చుట్టూ తిరిగింది. జోగారావు గారు, మేనేజరు, స్టాఫంతా కళ్ళకద్దుకున్నారు. అందరికన్నా ముందు చేతులు చాపింది అనుదీపే. మూత పెట్టాలన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

మర్నాడు ముంబై మనిషి వచ్చి కూర్చున్నాడు. మొదట వట్టి సాల్వెంట్ ఎక్కించి చూపించాలి. అందులో ఏమీ లేదు కాబట్టి గీత చదునుగా సాగాలి. సాగింది, సాగింది, ఒకచోట సూదిలా నిటారుగా లేచింది. కంప్యూటర్ పేరు కూడా చెప్పింది. కర్పూరం.

ముంబై మనిషి ఇంగ్లీషులో, మర్యాదగానే అడిగాడు. లాబ్‌లోకి కర్పూరం ఎలా వచ్చింది?

ఆ గదిలో అతను తప్ప మిగతా అందరూ హారతి కళ్ళకద్దుకున్నవాళ్ళే. ఒక్కరూ హారతి మాట ఎత్తలేదు. జోగారావు గారు వనిత వైపు తిరిగారు.

“నువ్వు తలకి బామ్ రాస్తావు కదమ్మా?”

“రాస్తా సార్, కాని ఈడ కాదు. సంచి బయటనే పెడుత. సార్‌ను అడుగుండ్రి.”

జోగారావు గారు అనుదీప్‌ను అడిగారు. కాని వనిత అడగమన్నది కాదు.

“బామ్‌లో కర్పూరం ఉంటుంది కదండీ?”

“ఉంటుందండి” అన్నాడు అనుదీప్.

అబద్ధం కాదు. ఉంటుంది. జోగారావు గారు ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చి ముంబై మనిషికి అందించారు. ఆయన తలూపాడు. వనిత అనుదీప్‌ను చూసిందట, అంతే. ఆ సాయంత్రమే ఆమెను రేపట్నుంచి రావద్దన్నారు.

తర్వాత అనుదీప్ గాజుగొట్టం మార్చి, లోపలి భాగాలు వేడెక్కించి, పాత సాల్వెంట్ పారబోసి మిషన్ శుభ్రం చేశాడు. గీత చదునైంది. అమ్మాయి వెళ్ళిపోయింది, పీక్ కూడా పోయింది. ఇంకేం రుజువు కావాలి? ముంబై మనిషి ఒప్పుకున్నాడు.

ఈ కథ నాకు మొదట మిషన్ గొప్పతనంగానే చెప్పాడు. “ఎంత సున్నితమైన మిషనో చూడండి” అని మొదలుపెట్టాడు. ‘ఊకో’ దాకా వచ్చి ఆగిపోయాడు. మిగతాది నేను గుచ్చి గుచ్చి అడిగి బయటికి లాగాను.

“బామ్‌ల ఉంటదని చెప్పినవ్. హారతిల ఉండదా?” అన్నాను.

గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఒకటి మాత్రం చేశాడు. జోగారావు గారి దగ్గరికి వెళ్ళి, ఆ పీక్ బామ్ వల్ల వచ్చింది కాదండి అని చెప్పాడు.

ఆయన కోప్పడలేదు. “తెలుసండీ, నేనూ అక్కడే ఉన్నాగా. అయితే ఏమంటారు? మా ఆవిడ హారతిచ్చి మిషన్ని పాడుచేసిందని ముంబైకి చెప్పమంటారా? అది లాబా గుడా అని అడగరూ? ఆ పిల్లది చిన్న వయసు, ఇంకోచోట దొరుకుతుంది లెండి. అయినా చెప్పింది మీరే కదండీ. టిఫిన్ చేశారా?”

అనుదీప్ టిఫిన్ చేశానని చెప్పి వచ్చేశాడు.

ఇంకో వారానికి వనిత అమీర్‌పేట మెట్రో మెట్ల దగ్గర మాకు ఎదురుపడింది. అతని కోసమే నిలబడిందని చూడగానే అర్థమైంది.

“బాగున్నరా సార్. మిషన్ బాగున్నదా?”

అనుదీప్ గొంతు సవరించుకున్నాడు.

“నౌకరి గురించి నాకు ఫికర్ లేదు. ఇంకోటి చూసుకుంట. గల్లీల మస్తు కథలు చెప్తున్నరు. స్వరాజ్యం బిడ్డ కోట్ల మిషన్ ఖరాబ్ చేసిందట. అమ్మ పనిచేసే ఇండ్లల్ల సుత అడుగుతున్నరట. అమ్మ నన్ను తిడితే మంచిగుండు. మాట్లాడుతనే లేదు.”

“నేను జోగారావు గారితో చెప్పానండి, ఆయన...”

“ఆయనతోని నాకేం పని? ఆ మాట అన్నది నువ్వు. వచ్చి మా అమ్మకు చెప్పు. ఇంట్ల కాదు, గల్లీల నిలబడి చెప్పు. గీ అండీ గిండీ తోని చెప్పకు, ఆమెకు సమజ్ కాదు.”

ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయింది. అనుదీప్ రెండు ఆదివారాలు ఏదో ఒక పని చెప్పి తప్పించుకున్నాడు. మూడో ఆదివారం పొద్దున చొక్కా తొడుక్కుని, “మీరు కూడా వస్తారా” అన్నాడు.

మోతీనగర్ దాటి ఆటో దిగేసరికి అతని అడుగు నెమ్మదించింది. గల్లీలో నీళ్ళొచ్చే వేళ. బిందెలు, పైపులు, పైపుల మీద తగాదాలు. రాజనర్సయ్య గడప మీద కూర్చుని పండ్లు తోముకుంటున్నాడు. కొడుకును చూసి నోట్లో నురుగుతోనే, “మావోడు వచ్చిండు, మావోడు” అని పక్కింటివాళ్ళకు చెప్పాడు. అనుదీప్ ఇంటిముందు ఆగకుండా స్వరాజ్యం ఇంటివైపు నడిచాడు. తండ్రి నోరు కడుక్కుని వెనకే వచ్చాడు.

స్వరాజ్యం బయట గిన్నెలు తోముతోంది. వనిత గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“చూడండమ్మా, వనిత...” అని అనుదీప్ మొదలుపెట్టి ఆగాడు. స్వరాజ్యం కంగారుగా చేతులు కడుక్కుని లేచింది, ఎవరో ఆఫీసరు వచ్చినట్టు.

అతను మళ్ళీ మొదలుపెట్టాడు. “చిన్నమ్మా, వనిత తప్పేం లేదు. మిషన్ ముంగట ఓనర్ భార్య కర్పూరం ముట్టిచ్చింది. వద్దని చెప్పాల్సినోణ్ణి నేను. చెప్పలే. వనిత అడిగింది సుత. ఊకో అన్న. తెల్లారి సార్లు అడిగితే, బామ్‌ల కర్పూరం ఉంటదని చెప్పిన. ఆ మాటకే తీసేసిండ్రు.”

బిందెల చప్పుడు ఆగిపోయింది. ఒకామె పైపు పక్కకు పట్టుకుని వింటోంది. నీళ్ళు మోరీలోకి పోతున్నాయి.

“అంటే నా బిడ్డ ఏం ఖరాబ్ చేయలే?”

“చేయలే.”

“మరి గప్పుడే ఎందుకు చెప్పలే బిడ్డా?”

“సిగ్గయింది.”

“దేనికి?”

అనుదీప్ గల్లీని చూశాడు, తండ్రిని చూశాడు, తల దించుకున్నాడు. చూసిన చోటే జవాబు ఉంది కాని పైకి ఎలా అంటాడు?

నౌకరి మళ్ళీ ఇస్తారా అని పైపు పట్టుకున్నామె అడిగింది. ఇయ్యరన్నాడు.

స్వరాజ్యం తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కొంగుతో కుర్చీ తుడిచి అతని వెనక వేసింది. “పెద్దోళ్ళ ముంగట మనకు నోరెట్ల లేస్తది బిడ్డా. ఇన్నేండ్ల సంది ఆ ఇండ్లల్ల చేస్తున్న, నాకు ఎన్నడన్న లేసిందా? కూసో. వనితా, చాయ్ తే.”

వనిత రెండు గ్లాసులు తెచ్చింది. ఒకటి నాకు, ఒకటి అతనికి. ఇచ్చేటప్పుడు అతని మొహం చూడలేదు. అనుదీప్ గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాడు.

రాజనర్సయ్య ముందుకొచ్చాడు. కొడుకు చేతిలోంచి గ్లాసు తీసుకుని, ఒక్క చుక్క ఒలకకుండా అరుగు మీద పెట్టాడు.

“లే” అన్నాడు.

“నాయినా...”

“ఆమె మంచిది, పోసింది. తాగనీకె మనకు మొఖం ఉండాలె గద.”

స్వరాజ్యం, “అట్లెందుకే అన్నా, పిల్లగాడు వచ్చి చెప్పిండు గద” అంటూనే ఉంది. రాజనర్సయ్య ఆమెకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, వెనక్కి తిరిగి నడిచాడు. ఇందాక ‘మావోడు’ అని చెప్పిన వాళ్ళ మధ్య నుంచే నడిచాడు. అనుదీప్ కుర్చీలోంచి లేచి అక్కడే నిలబడ్డాడు. గల్లీ అంతా అతన్నే చూస్తోంది.

నా గ్లాసు నా చేతిలోనే ఉంది. అప్పటికే సగం తాగేశాను.