శనివారం గోలీ

మట్టెవాడ గాజుల దుకాణంలో స్వరూపను చూసినవాళ్లకు ముందు ఆమె వేళ్లే కనిపిస్తాయి. ఎంత బిగుతు గాజైనా నొప్పి తెలియకుండా ఎక్కిస్తుంది. పది రోజులుగా మాత్రం బేరం మధ్యలో కూడా ఆమె బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద తిరుగుతూ తేదీలు లెక్కపెడుతోంది. నెలసరి తప్పింది. పాపకు ఇంకా ఏడాది నిండలేదు. ఆపరేషన్ కాన్పు కాబట్టి ఇంకో బిడ్డకు రెండేళ్లన్నా ఆగమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. భర్త శేఖర్ డోర్నకల్‌లో రైల్వే పని చేస్తాడు. శనివారం వచ్చి మర్నాడే వెళ్లిపోతాడు.

మధ్యాహ్నం గిరాకీ లేని వేళ ఆశా కార్యకర్త రమ వచ్చింది. స్వరూప గాజుల డబ్బా అడుగు నుంచి గర్భం రాకుండా వాడే గోలీల షీటు తీసి చూపింది.

"ఒక్క వారం గూడ తప్పలే అక్కా. ఆయన వచ్చిన ప్రతి శనారం ఏసుకున్న. అయినా గిట్లెందుకైంది?"

రమ షీటు మీదికి వంగి చూసింది.

"రోజూ ఏసుకోవాలె చెల్లె. ఆయన వచ్చినా, రాకున్నా."

"ఆయన లేనప్పుడు ఎందుకక్కా?"

"గిది జరం గోలీ కాదు. రోజూ పడితేనే పనిచేస్తది. చెప్పిన అనుకున్న... నేనే సరిగ్గ చెప్పలేదేమో." రమ సంచిలోంచి గర్భపరీక్ష కిట్టు తీసి చేతిలో పెట్టింది. "రేపు పొద్దుగాల లేవంగనే చూసుకో. అప్పటిదాక ఫికర్ చెయ్యకు."

రమ వెళ్లాక స్వరూప షీటును ఒళ్లో పెట్టుకుంది. చింపినవి నాలుగే. మిగతావి వరుసగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆమె బొటనవేలు ఒక్కో గోలీ మీదుగా మెల్లగా కదిలింది. అవన్నీ శేఖర్ ఇంట్లో లేని రోజులు.