పెట్టెకు సెలవిచ్చిన ఆయుధపూజ

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఏ వస్తువునైనా రెండు చోట్ల దాచిపెడితే ఇక దాన్ని పోగొట్టడం దేవుడి తరం కూడా కాదని. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లకు ఉండే నమ్మకమే. తిరువళ్ళూరు నుంచి రోజూ లోకల్ ట్రైనెక్కి చెన్నైలో ఒక ఆఫీసుకు వెళ్ళి, అక్కడి పెద్దమనుషులను 'బ్యాకప్ తీసుకున్నారా సార్' అని అడగడం నా పని. (వాళ్ళు తీసుకునేవారు కాదు. నా ఉద్యోగం నిలబడిందే అందువల్ల.) ఊరికంతా చెప్పేది మనింట్లో చెయ్యకపోతే ఎలాగని, ఆఫీసులో పారేస్తున్న పాత కంప్యూటరొకటి అడిగి తెచ్చుకున్నాను. అందులో రెండు హార్డ్ డిస్కులు బిగించి, దేవుడి గూటి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, ఇంటి సర్వర్ అని పేరు పెట్టాను. దానికి మూత ఉండేది కాదు. గాలి ఆడాలని నేనే తీసేశానని అందరికీ చెప్పేదాన్ని. నిజానికి వచ్చినప్పుడే లేదు. అమ్మ మాత్రం దాన్ని మొదటి నుంచీ పెట్టె అనే అంది.

అందులో ఉన్న ఫోటోలూ, పెళ్ళి వీడియోలూ పోతే పోయేవే. పోకూడనిది ఒక్కటే, మా పెద్దమ్మ గొంతు. ఆమె అమ్మకు అక్క, తిరుత్తణిలో గుడి ఉన్న కొండ కింద ఉండేది. ఫోను చేస్తే ఎదుటివాళ్ళు మధ్యలో మాట్లాడతారని ఆమెకు విసుగు. అందుకని రోజూ పొద్దున్నే అమ్మకు వాయిస్ మెసేజీలు పంపేది. వంకాయలు ముదిరిపోయినవి అంటగట్టారని, ట్రైన్లో ఎవరో కొత్త చెప్పులు తొక్కారని, కొడుకు (అంటే మా అన్న) జ్వరమొచ్చినా మోటార్ వైండింగ్ షాపు మూయడని. అమ్మ ఫోను నిండిపోయినప్పుడల్లా వాటిని పెట్టెలోకి మార్చి ఫోనులోంచి తీసేసేదాన్ని. పెద్దమ్మ ఇంట్లోనే రెండో పెట్టె పెట్టాను. ఇంటర్నెట్ మీదుగా ఇక్కడున్నదంతా అక్కడికి చేరుతుంది. ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. అత్తగారు ఎంతంటే అంతేననే కొత్త కోడలి లాగా మెలిగేది ఆ పెట్టె. ఆ ఏర్పాటు చూసి నాకు నేనే ముచ్చటపడ్డాను.

తర్వాత పెద్దమ్మ పోయింది. ఆ మెసేజీలు వినడానికి అమ్మకు గుండె చాలలేదు. "ఉండాయి గదా, ఉండనీ. ఎప్పుడో ఒకనాడు ఇంటాను" అంది. రెండు ఊళ్ళలో ఉన్నాయనీ, రెండు పెట్టెలూ ఒకే రోజు ఆగడమన్నది జరగదనీ నేను ధైర్యం చెప్పాను.

అలా ఆగే రోజు ఏటా వస్తుందని నాకు తట్టనే లేదు. మా వైపు ఆయుధపూజ అంటే కత్తిపీట నుంచి స్కూటరు దాకా పనిచేసే ప్రతి వస్తువునూ కడిగి, గంధం పూసి, బొట్టు పెట్టి, సామి ముందు కూర్చోబెడతారు. ఆ పూట వాటికి సెలవు. మళ్ళీ విజయదశమి నాడే చెయ్యి వెయ్యడం. ముందటేడు మైల వల్ల రెండిళ్ళలోనూ పండగ లేదు. ఈసారి పెద్దమ్మ సంవత్సరీకం అయిపోయింది కాబట్టి రెండింతల భక్తితో చేశారు. నేను బజారుకు వెళ్ళి బొరుగులూ గుమ్మడికాయా తెచ్చేసరికి, గ్రైండరుకూ కుట్టు మిషనుకూ మధ్య పీట మీద నా హార్డ్ డిస్కులు రెండూ బొట్లు పెట్టుకుని, నెత్తిన చామంతులతో కూర్చుని ఉన్నాయి.

"దుమ్ము ఎంత ఉండాదో సూసినావా పాపా? పసుపు నీళ్ళతో తుడిసినాను" అంది అమ్మ. "ఏడాదంతా పని సేస్తానే ఉండాది, ఈ పొద్దన్నా రెస్టు తీసుకోనీ."

అంత ప్రేమగా స్నానం చేయించిన మనిషిని ఏమని కోప్పడతాం?

మధ్యాహ్నం అమ్మ పక్కిళ్ళకు బొరుగులు పంచడానికి వెళ్ళగానే చామంతులు పక్కన తీసిపెట్టి, డిస్కులు బిగించి స్విచ్ వేశాను. ఒకటి టక్ టక్ మంది. రెండోది ఆ మాత్రం కూడా అనలేదు. పెట్టె లోపలున్న దాని పాత చిన్న డిస్కుతో లేచింది గానీ పెద్దమ్మ మెసేజీలు ఉండాల్సిన చోట సున్నా. అంతకన్నా పెద్ద భయం మరుక్షణం తట్టింది. ఇక్కడ ఖాళీ అయితే అక్కడా ఖాళీ చెయ్యమని దానికి నేర్పింది నేనే. స్క్రీను మీద అది తిరుత్తణి పెట్టెను పిలుస్తోంది. అవతల పెట్టె పలకడం లేదనీ, మళ్ళీ ప్రయత్నిస్తున్నాననీ చూపిస్తోంది. నేను ప్లగ్గు పీకిన ఊపుకు చామంతులు ఎగిరి గ్రైండరు మీద పడ్డాయి.

అన్నకు ఫోను చేస్తే, నేను నోరు తెరవకముందే ఆయన బతిమాలుకోవడం మొదలుపెట్టాడు. "కోపం పడొద్దు పాపా. ఆపొద్దని నువ్వు సెప్పిందే, తెలుసు. ఆయుధపూజ గదా, పొద్దున్నే ఆపేసి మోటార్ల పక్కన సామి ముందర పెట్టినాను. రేపు నల్ల నేరం సూసి, మంచి గడియలో ఏస్తాను. అందాకా ఎవురు సెప్పినా ఏసేది లేదు, కండిప్పా ఏసేది లేదు."

ఆ పెట్టె ఆపినప్పుడల్లా ఆయనతో పోట్లాడిన దాన్ని, నేనొచ్చేదాకా అసలు వెయ్యనే వెయ్యొద్దన్నా అని ఏడ్చేశాను. ఆయన భయపడి ఫోను వదిన చేతికిచ్చాడు. (పసుపు తగిలినంత మాత్రాన మిషన్లకేమీ కాదని పాపం చాలాసేపు ఓదార్చింది.)

అమ్మ తిరిగొచ్చాక జరిగింది చెప్పాను. డిస్కుల గురించీ కాపీల గురించీ నేను చెప్పిందంతా విని, "అక్క గొంతు ఉండాదా లేదా, అది సెప్పు" అంది. రేపు చెబుతానమ్మా అన్నాను. ఆమె బొరుగుల గిన్నె కింద పెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

విజయదశమి పొద్దున్నే ఇద్దరం తిరుత్తణికి ట్రైనెక్కాం. వెళ్ళగానే ముందు ఇంటర్నెట్ వైరు పీకేశాను. అన్న గడియారం చూసుకుని, కర్పూరం వెలిగించి, స్విచ్ వేశాడు. అన్నీ ఉన్నాయి. ఉన్నాయమ్మా అన్నాను. నా సంచిలో కొత్త డిస్కు సిద్ధంగా ఉంది. ముందు కాపీ, తర్వాతే మిగతావన్నీ అన్నది మా వృత్తిలో మొదటి పాఠం. దాని వైరు చేతిలోకి తీసుకున్నాను కూడా. అమ్మ పెట్టె ముందు నేల మీద కూర్చుని, "ఒకటి పెట్టు పాపా" అంది.

పెట్టాను.

"ఏమ్మే, కొండకి పోయొచ్చినాను. మెట్లు ఎక్కలేకపోయినాను, ఆటోలోనే పోయినాను. ఈడ అందరికీ ఎక్కినాననే సెప్పినాను, నువ్వు ఎవురికీ సెప్పబాక. సరే, నువ్వు తిన్నావా?"

అన్న ఫక్కున నవ్వి, అంతలోనే మొహం అటు తిప్పుకున్నాడు. అమ్మ పెట్టెకు కొంచెం దగ్గరగా జరిగి, "తింటాలే అక్కా" అంది. వదిన లోపలికి వెళ్ళి ఇడ్లీలు పెట్టుకొచ్చింది. అమ్మ పెద్దమ్మ మాటలు వింటూనే తింది.

ఇప్పుడు నేను ఇంకా పెద్ద పెద్ద సర్వర్లు చూస్తున్నాను. కొత్తగా చేరిన పిల్లలకు ఆ మొదటి పాఠం చెప్పేటప్పుడల్లా ఆ రోజు తిరుత్తణిలో ఉన్న ఆ అమ్మాయి, అంటే అప్పటి నేనే, గుర్తొచ్చి నవ్వొస్తుంది. మిగిలింది ఒకే ఒక్క కాపీ. అయినా కొత్త డిస్కు ఒళ్ళో పెట్టుకుని, పొద్దువాలేదాకా ఒక్క ఫైలైనా ఎక్కించకుండా, అమ్మ పక్కనే నేల మీద కూర్చుని ఇంకోటి, ఇంకోటి అని పెడుతూనే ఉంది.