ఏడు వందలు మిగల్చబోయి: గట్టు నుంచి ముంబై విమానం దాకా

మా బాబాయి భార్య చిట్టెమ్మ చిన్నమ్మ గద్వాల దగ్గర గట్టు అనే ఊళ్లో ఉంటుంది. ఆమె సొంత అక్క ముప్పై ఏళ్ల కిందట మట్టిపనికి ముంబై వెళ్లి అక్కడే ఉండిపోయింది. ఆ అక్కకు వచ్చే సోమవారం పొద్దున ఎనిమిదింటికి గుండె ఆపరేషన్ అని మంగళవారం కబురొచ్చింది. లోపలికి తీసుకెళ్లేలోపు అక్కను చూడాలని చిన్నమ్మ పట్టుబట్టింది. రాయచూరు మీదుగా వెళ్లే రైళ్లలో వెయిటింగ్ లిస్టు చాంతాడంత ఉంది. మా ఇంట్లో విమానం ఎక్కినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి టికెట్ తీసి ఆమెను విమానం ఎక్కించే పని నా నెత్తిన పడింది.

ఇక నా తెలివి చూడండి. మూడు యాప్‌లు తెరిచి రెండు రోజులు ధరలు పోల్చాను. మొదట 4,790 అని ఊరించిన టికెట్, డబ్బు కట్టే చోటికి వచ్చేసరికి సీటుకు 350, సౌకర్య రుసుము 399 కలుపుకుంది. అది ఎవరి సౌకర్యమో నాకిప్పటికీ అర్థం కాలేదు. ‘తేదీ మార్పు ఉచితం’ అని పెద్దక్షరాల్లో రాసి, ఆ రోజు ధర పెరిగితే తేడా కట్టాలని కింద చీమతలకాయంత అక్షరాల్లో పెట్టారు. రద్దు చేసుకుంటే ఐదు వందలే కోసుకునే టికెట్ ఒకటుంది, కాకపోతే ఏడు వందలు ఎక్కువ. రద్దు చేసుకునే అవసరం ఎందుకొస్తుందిలే అని, చేస్తే దాదాపు ఏమీ తిరిగిరాని చవక టికెట్టే కొన్నాను. నేను లెక్కలు వేస్తున్న రెండు రోజుల్లో దాని ధర కూడా తొమ్మిది వందలు పెరిగింది.

ఆదివారం సాయంత్రం 6:10కి శంషాబాద్ నుంచి విమానం. పొద్దున ఐదున్నరకు నేనుండే నాగర్‌కర్నూల్‌లో బస్సెక్కి, వనపర్తిలో ఒకటి, గద్వాలలో మరొకటి మారి పది దాటాక గట్టు చేరాను. చేతిసంచి ఏడు కిలోలు దాటితే రుసుమని ముందే చెప్పడంతో చిన్నమ్మ కిరాణా దుకాణంలో సంచి తూకం వేయించి పెట్టింది.

“రెండు చీరలు తీసేసిన కొడుకా. పల్లీలు మాత్రం తియ్య. అవి అక్కకు,” అంది.

పదిన్నర బస్సులో గద్వాలకు బయల్దేరాం. ఆడవాళ్లకు టికెట్ ఉచితం కదా, చిన్నమ్మ ఆధార్ కార్డు చూపించింది. కండక్టర్ కార్డు చూసి, “బాలమణమ్మా, జర సంచి లోపలికి జరుపు,” అన్నాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. అక్కడ ఇంకెవరూ లేరు.

“బాలమణి ఎవరు చిన్నమ్మా?”

“నేనే.”

గబగబా ఫోన్ తెరిచి చూశాను. టికెట్ మీద చిట్టెమ్మ అని ఉంది. “మరి నాకు చెప్పలేదేం?” అని కసిరాను కూడా.

“నువ్వు ఫోన్‌ల వయసు అడిగినవు, చెప్పిన. పేరు అడిగినవా?”

గద్వాల బస్టాండులో నిలబడి విమాన సంస్థకు ఫోన్ చేశాను. ఇరవై నిమిషాలు పాట వినిపించాక ఒకమ్మాయి పలికింది.

“మూడక్షరాల వరకు సరిచేస్తాం సర్. మొత్తం పేరు మారితే మనిషి మారినట్టే.”

“మనిషి నా పక్కనే కూర్చుందమ్మా.”

“అర్థమైంది సర్. రద్దు చేసి కొత్తది కొనుక్కోండి.”

అదే విమానంలో రెండే సీట్లు ఉన్నాయి. ధర 9,650. ముందు కొత్తది కొన్నాను, ఆ తర్వాతే పాతది రద్దు చేశాను. నాకు తిరిగొచ్చింది 412 రూపాయలు. ఎవరి మీద కోప్పడాలో తెలియక బస్టాండులో అటూ ఇటూ తిరిగాను.

పన్నెండుంపావుకు హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. కాస్త చల్లబడ్డాక, ఈ రెండో పేరు ఎక్కడిదని అడిగాను.

“రెండోది చిట్టెమ్మ. మీ నాయినమ్మ పేరు గూడ బాలమణే గద. అత్త పేరు పెట్టి కోడలిని ఎట్ల పిలుస్తరు, ఎట్ల తిడ్తరు? నేను వచ్చిన నాడే మార్చిండ్రు. ఆధార్ సారు పేరేందని అడిగితే నా పేరే చెప్పిన.” సంచి ఒళ్లోకి లాక్కుంది. “ఇప్పుడు గా పేరుతోని పిలిచేది మా అక్క ఒక్కతే. మత్తు ఇయ్యకముందే ఒక్కపారి పిలిపించుకోవాలె.”

మూడున్నర దాటాక శంషాబాద్‌లో దిగి, మూడు వందలకు ఆటో మాట్లాడుకుని విమానాశ్రయం చేరాం. గేటు దగ్గర కార్డునూ టికెట్టునూ పోల్చి చూసి చిన్నమ్మను లోపలికి పంపారు. ఆ రాత్రి ముంబైలో అక్క కొడుకు వచ్చి ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

సోమవారం పొద్దున ఏడింటికి చిన్నమ్మకు ఫోన్ చేశాను. “పిలిచింది కొడుకా. మెల్లగ పిలిచింది గని, పిలిచింది,” అంది. మధ్యాహ్నానికి ఆపరేషన్ బాగా జరిగిందని తెలిసింది. విమాన సంస్థల రుసుముల మీద నాకింకా కోపం ఉంది, అది పోదు కూడా. కానీ ఆమె చేతి వంట తింటూ పెరిగినవాణ్ని, మూడు యాప్‌ల నిబంధనలు చదివినవాణ్ని, ఆమె పేరు కండక్టర్ చదివితే తెలుసుకున్నాను. అది నాకు సిగ్గుగా ఉంది. మీరు ఎవరికైనా టికెట్ తీస్తుంటే, ధరలు పోల్చడానికి ముందే వాళ్ల ఆధార్ ఫొటో తెప్పించుకోండి. అది అందేలోపు వాళ్లకే ఫోన్ చేసి, నీ పేరేమిటని అడగండి.