బుల్లయ్య లైను

గువ్వలలంకలో పొద్దుగూకడం ముందు చెవులకి తెలిసేది. కృష్ణ నీళ్ళు ఇత్తడి రంగుకి తిరిగి, అవతలి గట్టున ఆరబోసిన మిరపకాయల ఎరుపు నల్లబడే వేళకి, రేవు పక్క రేకుల షెడ్డులో ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారికి అందుకునేది. తొంభై ఇళ్ళలో బల్బులు ముందు ఎర్రగా, తర్వాత పచ్చగా కళ్ళు తెరిచేవి.

పెద్ద వరదకి కొట్టుకుపోయిన కరెంటు స్తంభాలు లంకకి మళ్ళీ రాలేదు. రెండేళ్ళు చూసి, ఊరంతా కలిసి ఒక డీజిలు ఇంజను కొన్నారు. నడపడానికి బుల్లయ్యని పెట్టారు. అంతకు ముందు అతను గుంటూరు అవతల ఒక పత్తి మిల్లులో ఇంజను డ్రైవరు. కనుబొమల్లో ఉన్నది ఆ మిల్లు నుసేనని అతను చెప్పేవాడు. నుసి కాదు, నెరుపని భార్య రాజ్యం అనేది.

పంచాయతీ ఆనాడు ఒక కాగితం రాసింది. లంకలో బుల్లయ్య తప్ప ఇంకొకరు తీగ లాగకూడదు. అందుకు బదులుగా బుల్లయ్య చివరి గుడిసె దాకా ప్రతి ఇంటికీ దీపాల వేళ నుంచి నాలుగు గంటలు వెలుతురివ్వాలి. చావు జరిగిన ఇంట్లో మాత్రం శవం లేచేదాకా దీపం ఆరకూడదు.

ఇంజను ఒకటే, లైను ఒకటే. ఒక ఇంట్లో దీపం ఆరకుండా ఉండాలంటే లంకంతా వెలగాల్సిందే. అలా ఆ వెలుతురే కబురైంది. మామూలు రోజుల్లో ఇంజను ఆపే ముందు బుల్లయ్య దాన్ని ఆపే పిడిని మూడుసార్లు కిందికి నొక్కి వదిలేవాడు. బల్బులు మూడుసార్లు మసకబారేవి. పిల్లలు పుస్తకాలు మూసేవాళ్ళు, ఆడవాళ్ళు మంచాలు వాల్చేవాళ్ళు. వేళ దాటినా బల్బు మసకబారకపోతే మాత్రం ఎక్కడివాళ్ళక్కడ లేచి కూర్చునేవాళ్ళు. షెడ్డు దగ్గరికి వస్తే బుల్లయ్య ఏమీ మాట్లాడకుండా ఆ ఇంటివైపు చెయ్యి చూపించేవాడు. ఇంటింటికీ తిరిగి చావు కబురు చెప్పడం గువ్వలలంకలో తప్పు. దీపం చెప్పాక మనిషి చెప్పడమేమిటని.

అందరికన్నా ముందు వెళ్ళేది రాజ్యం. జుట్టు ముడేసుకుని, పెద్ద గిన్నెలో టీ కాచుకుని, చీర చెంగుతో గిన్నె అంచులు పట్టుకుని చీకటి లేని ఆ వీధుల్లో నడిచిపోయేది. ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చుని, ఏడవడం చేతకానివాళ్ళ చేతికి గ్లాసు అందించేది.

మొన్నటి వేసవికి ముందు ఏడాది గ్రామసభలో పాత కాగితం కొట్టేశారు. ఇకమీద ఎవరైనా లంకలో కరెంటు అమ్ముకోవచ్చు, ఎవరికి నచ్చినచోట వాళ్ళు కొనుక్కోవచ్చు. చేతులెత్తమన్నారు. బుల్లయ్య కూడా ఎత్తాడు.

"నీ మెడకి నువ్వే తాడు కట్టుకుంటే ఎవరేం చేస్తారయ్యా," అంది రాజ్యం ఇంటికొచ్చాక.

"పగలంతా ఫ్యాను తిరుగుద్దంటున్నారు. పసిపిల్లలు చెమటలో నానుతుంటే, వద్దని ఎట్టా చెయ్యి దించేది?"

కాగితంలో అతని హక్కు కొట్టేసినప్పుడు, దాని కింద ఉన్న చావింటి దీపం మాట కూడా పోయింది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. బుల్లయ్య కూడా గమనించలేదు.

రెండు కంపెనీలు వచ్చాయి. ఒకటి పసుపు చేలో సోలారు పలకలు పరిచి తీగలు లాగింది. ఇంకొకటి ఇంటి కప్పు మీదే పలక పెట్టి, మూల ఒక బ్యాటరీ పెట్టెని ఉంచింది. రెండూ పోటీపడ్డాయి. లంక బాగుపడింది కూడా. మిక్సీలు వచ్చాయి, చల్లటి నీళ్ళు వచ్చాయి. ఏ వేళప్పుడు చూసినా ప్రతి వాకిట్లో ఒక తెల్లటి లైటు రెప్ప వెయ్యకుండా వెలిగేది.

ఒక్కో ఇల్లు లైను వదిలేసింది. తీగ విప్పడానికి బుల్లయ్యే వెళ్ళేవాడు. ఆ ఇంటివాళ్ళు తలొంచుకుని మంచినీళ్ళిచ్చేవాళ్ళు. అతను తీగని మోచేతికి చుట్టుకుని, "మంచిదే, మంచిదే," అంటూ వచ్చేసేవాడు.

ఇంజనుకి కూడా ఆకలుంటుంది. లాగడానికి బరువు లేకపోతే తిన్న డీజిలు అరగదు. పొగగొట్టం వెంట నల్లటి తడి కారుతుంది, లోపల మసి పేరుకుని కొన్నాళ్ళకి అదే ఆగిపోతుంది. ఇళ్ళు తగ్గినకొద్దీ దాని గొంతు పలచబడటం బుల్లయ్య విన్నాడు. అందుకని షెడ్డులో అడ్డంగా వెదురు కట్టి, ఇరవై పెద్ద బల్బులు వేలాడదీశాడు. రోజూ సాయంత్రం అవి ఎవరి కోసమూ కాకుండా వెలిగేవి. ఏటి రెల్లులోంచి దీపప్పురుగులు మాత్రం వచ్చేవి.

రాజ్యానికి అప్పటికే గుండె బలహీనపడింది. గుంటూరు డాక్టరు బుల్లయ్యని పక్కకి పిలిచి, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. మంచంలోంచి కిటికీ గుండా ఆ బల్బుల వరస చూసి ఆమె నవ్వింది.

"పందిరి బాగానే వేశావు. పెళ్ళికూతురికే లేవడానికి ఓపిక లేదు."

చేలో పలకలు పరిచిన కంపెనీ కుర్రాడు జయదేవ్ మర్యాదస్తుడు. చెప్పులు బయటే విడిచి వచ్చాడు. "బుల్లయ్య గారూ, ఇంజను మేమే తీసుకుంటామండి. మీకు మా దగ్గర పని కూడా ఉంది. ఇక దీన్ని ఎవరి కోసం నడుపుతున్నారు చెప్పండి?"

"ఈ వేసవి దాటనివ్వు బాబూ."

అతను వెళ్ళాక రాజ్యం మంచంలోంచే అడిగింది. "నా కోసమేగా?"

బుల్లయ్య గుడ్డ తీసుకుని చేతుల మసి తుడుచుకున్నాడు.

"ఆ రోజున అందరూ వస్తారంటావా?"

"రాకేం. నువ్వు తొక్కని గడప ఏదుంది ఈ లంకలో?"

"టీ మాత్రం పలచగా పెట్టించమాకు," అంది రాజ్యం.

చివరికి లైను మీద రెండిళ్ళు మిగిలాయి. ఒకటి అతనిది. రెండోది లంక చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ వెంకటరావమ్మది. కంపెనీలవాళ్ళు ఎన్నిసార్లు వచ్చినా ఆమె తలుపు వేసుకునేది. "బుల్లయ్య లైటు కన్నార్పితేగాని నాకు నిద్ర రాదు. మీ లైటుకి అసలు రెప్పలే లేవు," అనేది.

మే నెలలో ఒక సాయంత్రం, ఇంజను అందుకున్న కాసేపటికి, గ్లాసు అందుకోబోయిన రాజ్యం చెయ్యి మంచం పక్కకి జారింది. బుల్లయ్య ఆ చేతిని తీసి ఆమె గుండెల మీద పెట్టాడు. వేటపాలెంలో జీడిపప్పు ఏరే పనికి పోతున్న కూతురు హారికకి ఫోను చేశాడు. తెల్లవారి మొదటి పడవకి వస్తానంది. ఆ తర్వాత అతను పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టి టీ కాచాడు. ఇంజనులో డీజిలు నిండా పోసి, షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరైనా వస్తే తన ఇంటివైపే చెయ్యి చూపించాలని.

ఆపే వేళ వచ్చింది, దాటిపోయింది.

తెల్లవారేసరికి టీ మీద మందంగా మీగడ కట్టింది. షెడ్డు దగ్గరికి మొదట వచ్చింది పడవ నడిపే ఆదాం. తువ్వాలు భుజాన వేసుకుని, నవ్వుతూ వచ్చాడు.

"ఏం బాబాయ్, బేరం కుదిరిందా? తెల్లార్లూ ఇంజను మోగుతానే ఉంది. కొనేవాళ్ళకి నడిపి చూపిస్తున్నావనుకున్నాం."

బుల్లయ్య చెయ్యెత్తాడు. ఆ చెయ్యి అతని ఇంటివైపు తిరిగి ఉండటం చూసి, ఆదాం నోట్లో నవ్వు అక్కడే ఆగిపోయింది.

"పిన్నా? ఎప్పుడు?"

"దీపాలేళప్పుడు."

"చెప్పలేదే బాబాయ్ మరి."

"చెప్పానుగా," అన్నాడు బుల్లయ్య, బల్బుల కేసి చూస్తూ. తెల్లారిన వెలుతురులో అవి పాలిపోయి ఉన్నాయి.

ఇంట్లో రాజ్యం తలాపున వెంకటరావమ్మ కూర్చుని ఉంది. ఆమె బల్బు మసకబారలేదు. కర్ర పోటేసుకుంటూ లంక ఆ చివర నుంచి ఈ చివరకి నడిచొచ్చేసరికి కోడికూత అయింది. దారిలో ప్రతి వాకిట్లోనూ తెల్లటి లైట్లు, లోపల ఫ్యాన్ల చప్పుడు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

ఆదాం ఇంటింటికీ పరిగెత్తి చెప్పాడు. బుల్లయ్య లైను వచ్చాక గువ్వలలంకలో చావు కబురు మనిషి నోట చెప్పడం అదే మొదటిసారి; కంపెనీలు వచ్చాక మొదటి చావూ అదే. అందరూ వచ్చారు. వాకిలి పట్టలేదు. "తెలియలేదు బుల్లయ్యా. మా లైటు ఎప్పుడూ వెలుగుతానే ఉంటది," అన్నారు ఒకరి తర్వాత ఒకరు. అది నిజమే. అతను అందరికీ తలూపాడు. పడవ దిగి వచ్చిన హారిక పొయ్యి మీది గిన్నె చూసి, మూత తీసి, మళ్ళీ పెట్టేసింది.

పాడె లేచే ముందు అతనికి ఒక చిక్కొచ్చింది. ఇన్నేళ్ళూ శవం లేచాక ఇంజను ఆపింది తనే. ఇవాళ తను నిప్పుకుండ పట్టుకుని ముందు నడవాలి. వెంకటరావమ్మని షెడ్డులోకి తీసుకెళ్ళి పిడి చూపించాడు.

"మేం మలుపు తిరిగాక దీన్ని కిందికి నొక్కి పట్టు పిన్నీ. అదే ఆగుద్ది."

"నొక్కడమేగా. పో నాయనా, పో."

కంద చేల మధ్య గట్టు మీద బుల్లయ్య ముందు నడుస్తున్నాడు. వెనక లంకంతా ఉంది. మలుపు తిరిగాక ఇంజను చప్పుడు తగ్గడం విన్నాడు. ఆగబోతోంది అనుకున్నాడు. అది ఆగకుండా మళ్ళీ లేచింది. మళ్ళీ తగ్గింది, మళ్ళీ లేచింది. చావు రోజున అలా చెయ్యరని ముసలమ్మకి తెలియదేమో. తెలుసేమో.

మూడోసారి తగ్గి, ఆగిపోయింది. ఇక ఏటి గాలి చప్పుడే మిగిలింది.

"పడుకో రాజ్యం," అన్నాడు అతను, వెనక్కి తిరిగి చూడకుండా.