తొంభై శాతం దగ్గర ఆట్టకోయా కాకా

ఆట్టకోయా కాకాకు ఒక్కటే జబ్బు. ఏ డౌన్‌లోడునూ చివరిదాకా రానివ్వడు. తొంభై శాతం దాటిందంటే చాలు, ముద్దుగా పెంచిన కోడిని కోసినట్టు, మొహం అటు తిప్పుకుని ఆపేస్తాడు. మళ్లీ మొదట్నుంచి.

లక్షద్వీపాల్లోని మా వీధి మొత్తానికీ ఇంటర్నెట్‌కు దిక్కు కాకా కొబ్బరినూనె కొట్టు మీదున్న డిష్ ఒక్కటే. కంప్యూటర్లు బాగుచేసేదీ ఆయనే. వర్షాకాలం ఓడలు ఆగిపోయిన రోజుల్లో మా బడిలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు చతికిలబడింది. కొత్త సిస్టమ్ డౌన్‌లోడు చేసి దాంట్లో ఎక్కించాలి. తర్వాతి ఓడలో కంప్యూటరు పరీక్ష పెట్టే పరీక్షాధికారి వస్తాడు. అప్పటికి అది నడవకపోతే మా పదో తరగతి పిల్లల ఏడాది గంగలో కలిసినట్టే.

"అదెంత పని మాష్, రేపొచ్చి పట్టుకెళ్లు" అన్నాడు కాకా. ఇక్కడ పంతుల్ని మాష్ అంటారు.

మర్నాడు వెళ్తే అల కొట్టి సిగ్నలు తడిసిందన్నాడు. ఆ మర్నాడు ఉపగ్రహానికి జలుబు. ఆ తర్వాత చూర చేప ఎగిరి డిష్‌లో పడిందట.

"డిష్ డాబా మీద కదా కాకా?"

"ఆ సంగతి చేపకు తెలుసా?"

ఆయనతో మాట్లాడి వచ్చినప్పుడల్లా తప్పు నాదేనేమో అనిపించేది.

ఓ సాయంత్రం పక్కనే కాపలా కూర్చున్నాను. తొంభై మూడు దాకా వచ్చింది. గోడ అవతల బీఫాతుమ్మ, కొచ్చి ఆస్పత్రిలో ఉన్న కూతురు హాజిరాతో వీడియోలో మాట్లాడుతోంది.

"నీ మొహం బిగుసుకుపోయిందే తల్లీ, కదలట్లేదే" అంటోంది.

కాకా టక్కున ఆపేశాడు.

"అదేంటి కాకా?"

"ఫైల్లో చీమలు కనిపించాయి మాష్."

నాకు ఒళ్లు మండి, చెడామడా తిట్టి వచ్చేశాను.

చివరికి ఓడ కూత వినిపించింది. చుట్టాలొచ్చినా రాకపోయినా దీవి దీవంతా రేవుకు పరిగెత్తడం ఇక్కడి అలవాటు. పరీక్షాధికారికి ఏం చెప్పాలో తెలియక నేనూ బయల్దేరాను. అందరికన్నా ముందు పరిగెత్తే కాకా మాత్రం కొట్లో స్టూలు మీద కూర్చుని నన్ను కేకేశాడు. తొంభై అయిదు. తొంభై ఆరు. భయంతో ఆయన చెయ్యి పట్టేసుకున్నాను.

"వదులు మాష్. ఇవాళ ఆపను."

"ఏం, చీమలు పోయాయా?"

"హాజిరాకు నయమైంది, ఈ ఓడలోనే వస్తోంది. వాళ్లమ్మకు ఇవాళ ఫోనుతో పనిలేదు."

అప్పుడు వెలిగింది నాకు. రోజూ డౌన్‌లోడు తొంభై దాటే వేళకే బీఫాతుమ్మ ఫోను. మన డౌన్‌లోడు నడిస్తే ఆవిడ కూతురి మొహం కదలదు.

"ముందే చెప్పొచ్చుగా కాకా?"

"చెబితే ఆవిడ చెవిన పడేది. పిల్లల పరీక్ష కదా అని మాట్లాడ్డమే మానేసేది."

ఇంతలో నూరు పడింది. కాకా పెన్‌డ్రైవు నా చేతిలో పెట్టి, లుంగీ ఎగ్గట్టి, రేవు వైపు పరుగు లంకించుకున్నాడు.

పరీక్షాధికారి ఓడ కుదుపులకు తల తిరిగి ఆ పూటంతా పడుకునే ఉన్నాడు. ఆయన లేచేసరికి మా కంప్యూటరు కూడా లేచి కూర్చుంది.